తెరచాప ఆరేసుకునే చోటు

పొద్దున్నే పాలు పోశాక ఒక పేజీ కథ వింటేగానీ బషీరున్నీసా ధరణి ఇంటి మెట్ల మీంచి లేవదు. బహదూర్‌పల్లి కాలనీలో ఉండే ధరణి, పాతకాలపు థాయి పద్యకథ ఒకటి తెలుగు చేస్తోంది. ఆమె తిప్పే పేజీల్లోంచి ఎవరో ఒకరు నిజంగానే కాలనీలోకి దిగుతూ ఉంటారు. ఈ నెల దిగినవాడు తెల్లదొర, ఓడ కెప్టెన్. ఎర్రగడ్డం, ఇంత పొడుగు ముక్కు. ఎవరికీ తల వంచడు. పైగా డాబా మీది దండేలన్నీ ఆక్రమించి తెరచాప ఆరేశాడు.

"ఓ దొరా, మా బట్టలేడ ఎండాలె?" అని వాచ్‌మన్ యాదయ్య రోజూ అరుస్తాడు. ఆ తెరచాప పగలంతా టపటపలాడుతుంటే కాలనీలో ఎవరికీ కాలు నిలవడం లేదు.

బషీరున్నీసాకైతే మరీను. బౌరంపేట్‌లో ఆమెకు మిగిలింది రెండెకరాలు, నాలుగు బర్రెలు. వెనకాల లేస్తున్న విల్లాలకు ఆ చేను మధ్య నుంచి దారి కావాలట. ఒప్పుకుంటూ కాగితం మీద ఇవాళే వేలిముద్ర వేయాలి.

"దారే గద మేడం, జమీన్ నాదే ఉంటదంటున్నరు. మా కొడుకు అజర్ గూడ ఎయ్యమంటుండు. గాని దిల్ పరేషాన్‌గ ఉంది. కథ జల్దీ సదువుండ్రి."

ధరణి చదివింది. దొర రాజుకు కానుకలు తెచ్చి, తెరచాప ఆరేసుకునేంత ఒడ్డు ఇస్తే చాలన్నాడు. వాడి ముక్కు చూసి కొలువంతా పగలబడి నవ్వింది. రాజు నవ్వుతూనే ముద్ర వేశాడు. తెల్లారేసరికి ఒడ్డున ఫిరంగులు.

"ఆఖర్ల గెలిచిందెవరు?"

"రాజే, బీబమ్మా. కథ బయట, నిజంగానే తెల్లవాళ్ల ఓడలు ఇరుగుపొరుగు రాజ్యాల్ని మింగేస్తుంటే కవికి గుండెల్లో దడ. అందుకే ముందు వెక్కిరించాడు, తర్వాత పద్యంలోనైనా ఓడించాడు."

"కవికి పద్యమన్న ఉంది," అంది బషీరున్నీసా.

కాగితం ధరణి చదివాకే వేలిముద్ర వేస్తానని బషీరున్నీసా ముందే చెప్పడంతో, విల్లాల మనిషి రఘునందన్ కారులో అక్కడికే వచ్చాడు, మిఠాయి డబ్బాతో సహా. ధరణి కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

"చిన్న దారేనమ్మా," అన్నాడు రఘునందన్ నవ్వుతూ.

బషీరున్నీసా బొటనవేలు సిరాలో అద్దింది. అప్పుడే కెప్టెన్ మడిచిన తెరచాప భుజాన వేసుకుని మెట్లు దిగాడు. రఘునందన్‌ని చూసి ఆగాడు. నెలరోజులుగా ఎవరికీ వంగనివాడు టోపీ తీసి, నడుం వంచి, తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు గట్టిగా కావలించుకున్నాడు.

బషీరున్నీసా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వేలు కొంగుకు తుడుచుకుంది.

"మీ సుట్టమొచ్చిండు సాబ్, కార్ల తోల్కపోండ్రి," అంటూ పాల క్యాను ఎత్తుకుంది. "నాకు సేన్ల గడ్డి కోసేదుంది."