నేరేడు సీసా

మొదటి గుక్క నోట్లో పోసుకున్న పద్మశ్రీ పరుగున వెళ్లి వాష్‌బేసిన్‌లో ఉమ్మేసి, "ఎవరూ తాగకండి, ఈ సీసాలో ఎవరో ఏదో కలిపారు," అంది.

ఐదు గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి.

అది 2008 జూన్. గన్నవరంలో చక్రి ఇంటి మేడ మీది గది. వైన్ గురించి తెలుగులో బ్లాగులు రాసేవాళ్లు ఆరుగురు ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కడ చేరారు. నాలుగేళ్లుగా ఒకరి పోస్టుల కింద ఒకరు కామెంట్లు రాసుకుంటున్నా, చాలామంది ముఖాలు చూసుకోవడం అదే మొదలు. పద్మశ్రీ బెంగళూరు నుంచి పొద్దున్న విమానంలో దిగింది.

సీసా తెచ్చింది మణికుమార్. విజయవాడ వన్ టౌన్‌లో ఎండుచేపల హోల్‌సేల్ కొట్టు వాళ్లది. ఆ ఆరుగురిలో పెద్ద పేరు అతనిదే. ఫ్రెంచి పుస్తకాల్లోని వాసనలు అతను రాయడు. తాటిబెల్లం, ఎండిన నెత్తళ్లు, మొదటి వాన పడ్డ కాలవగట్టు అని రాస్తాడు. చదివినవాళ్లకి ఆ వైన్ తాగకపోయినా తాగినట్టుంటుంది. ఈ సీసా శుక్రవారం తెరిచి, ఒక గ్లాసు తాగి, పోస్టు రాసి, మిగతాది అందరి కోసం మూత బిగించి తెచ్చాడు.

చక్రి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. భయం పోయింది. దాని బదులు ఇంకేదో పట్టుకుంది.

"విషం కాదండీ," అన్నాడు నెమ్మదిగా. "నేరేడు రసం."

అందరూ మణికుమార్ వైపు చూశారు. ఎందుకంటే మొదట రుచి చూసింది అతనే. నిమిషం కూడా కాలేదు. కళ్లు మూసుకుని, "మిరియం, రేగు వడియం, చివర్లో తడిసిన గోనెపట్టా," అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు కూడా.

మణికుమార్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి విషయం ఊరంతా పాకింది. ఆ ఊరు కంప్యూటర్లలో ఉంది గానీ, పాకడం మాత్రం వన్ టౌన్‌లో పాకినట్టే పాకింది. "నెత్తళ్ల వాసన పట్టే ముక్కుకి నేరేడు పండు తెలియలేదా?" అని ఒకరు. "ఇన్నాళ్లూ మనకి జ్యూస్ కొట్టు మెనూ చదివి వినిపించాడు," అని ఇంకొకరు. "అసలు జన్మలో వైన్ తాగాడా ఈ మణికుమార్?" అని పేరు పెట్టుకోని ఒకాయన. చక్రికి తిట్లకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. నాలుగేళ్లలో మొదటిసారి ఆ పేరు చివర 'గారు' పోయింది.

రాత్రి పద్మశ్రీ ఫోన్ చేసింది. బెంగళూరు పత్రికలో వైన్ మీద ప్రతినెలా రాయడానికి మణికుమార్‌ని సిఫార్సు చేసింది ఆవిడే. మొదటి వ్యాసం వచ్చే నెల రావాలి.

"చక్రి గారూ, ఎవరైనా సీసా మార్చారంటే నేను నమ్ముతాను. నమ్మాలనే ఉంది. కానీ అది ఆయన నోటితో చెప్పాలి. లేకపోతే నా మాట నేను వెనక్కి తీసుకోవాలి."

మర్నాడు చక్రి వన్ టౌన్ వెళ్లాడు.

కింద గోడౌన్, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటే ఎండుచేపల వాసన ముఖానికి కొట్టింది. మణికుమార్ వంటగది గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. వాళ్ల నాన్న కాశీరావు వీధి వసారాలో మడతకుర్చీలో ఉన్నాడు.

"కాశీరావు గారూ, ఆ సీసా ఇంట్లో ఎవరైనా ముట్టుకున్నారాండీ?"

"ఎవరో ఎందుకు, నేనే ముట్టుకున్నాను," అన్నాడు పెద్దాయన తడుముకోకుండా. "శనివారం తూములో పారబోశాను. నేరేడుపళ్లు పిసికి, గుడ్డలో వడగట్టి పోశాను. రంగు బాగానే కలిసింది."

మణికుమార్ తలెత్తాడు. "నువ్వా నాన్నా?"

"నేనే. ఏం చేస్తావ్?"

"ఎందుకండీ?" అన్నాడు చక్రి.

"నేను తాగి ఇల్లెలా తగలేశానో వీడికి తెలుసు, నీకు తెలియదు బాబూ. తొంభై రెండులో సారా కొట్లు మూయించాలని ఆడాళ్లు వీధిలోకొస్తే వీళ్లమ్మ అంకాలమ్మ అందరికంటే ముందుంది. మొదట పగలగొట్టింది నా సీసానే. పోయేముందు నాచేత ఒట్టేయించుకుంది, వీడి నోట్లో చుక్క పడనివ్వకూడదని."

"ఇది సారా కాదండీ."

"సారా కొట్టు వెంకన్న కూడా అదే అనేవాడు, ఇది కల్లు కాదండీ అని."

చక్రికి నవ్వొచ్చింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నేరస్తుడు దొరికాడు, పైగా ఒప్పుకున్నాడు. మిగిలింది ఒక్కటే చిక్కు: మణికుమార్ ఆ రసం తాగి కూడా ఎందుకు పోల్చలేదు?

దానికి దారి కూడా కాశీరావే చూపించాడు. "జలుబు చేసిందని రాయండి బాబూ. ముసలి సన్నాసి సీసా మార్చాడు, మావాడికి జలుబు. నా పేరు పెట్టే రాయండి. నాకేం పరువు, చేపలమ్ముకునేవాణ్ణి."

"అంతే చాలు మణి గారూ," అన్నాడు చక్రి. "ఈ సాయంత్రమే రాయండి. పద్మశ్రీ గారికి నేను ఫోన్ చేస్తాను. తిట్టినవాళ్లే మళ్లీ వచ్చి..."

మాట మధ్యలో ఆగిపోయాడు. ఎండుచేపల వాసనని చీల్చుకుంటూ ఇంకో వాసన వచ్చింది. ఘాటుగా, చేదుగా. వసారాలోంచి కాశీరావు కుర్చీ తోసేసి లేచాడు.

"పాలురా, పాలు మాడిపోతున్నాయి," అంటూ వంటగదిలోకి పరుగెత్తాడు.

పొయ్యి ఉన్నది మణికుమార్ వీపు వెనక, గోడకి అవతల. గుమ్మంలోంచి పొగ అతని భుజం మీదుగా వస్తోంది. అతను చక్రి ముఖంలోకే చూస్తూ, "రాస్తే నమ్ముతారంటారా?" అని అడిగాడు. తర్వాత తండ్రి పరుగు చూసి, "ఏమైంది నాన్నా?" అన్నాడు.

కాశీరావు నల్లగా మాడిన గిన్నెని గుడ్డతో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకుని చూశాడు. ఆ చూపు చూస్తే చక్రికి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

"ఎప్పట్నుంచిరా?" అన్నాడు కాశీరావు.

మణికుమార్ చెప్పడం మొదలుపెట్టాడు.

"పోయినేడు పామర్రు దగ్గర బండి మీంచి పడ్డాను కదా నాన్నా, అప్పట్నుంచి. తల వెనక తగిలింది. కుట్లు మానాయి, ముక్కుకి వాసన మాత్రం తిరిగి రాలేదు. వస్తుందేమోనని డాక్టరన్నాడు. రాదేమోనని కూడా అన్నాడు. నువ్వు పంపిన పని మీద వెళ్లి పడ్డాను, చెబితే నువ్వు అన్నం మానేస్తావని చెప్పలేదు. కొట్లో పాడైన సరుకు దింపుకుంది అందుకే. నువ్వు తిట్టినట్టు ఏమరుపాటు కాదు.

నాలుకకి తీపి తెలుస్తుంది చక్రి గారూ, పులుపు తెలుస్తుంది, వగరు తెలుస్తుంది. నేరేడుకి ఆ మూడూ ఉన్నాయి. నిన్న తాగితే కొంచెం మెత్తగా ఉందనుకున్నానంతే. మిగతాదంతా ముక్కు పని. అది నాకు లేదు. పోయినేటి నుంచి రాసినవన్నీ సీసా మీద ద్రాక్ష పేరు చూసి, పాతవి తలుచుకుని రాసినవే. ఇదివరకటి కంటే బాగా రాస్తున్నానని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఇదే ఆఖరుది అనుకున్నాను. నా మాట నమ్మి సీసాలు కొనుక్కున్నవాళ్లున్నారు. వాళ్లని మోసం చేశాను.

జలుబని రాయను. నాన్న పేరు రాయను. ఆయన పారబోసింది ఒక్క సీసా. పద్మశ్రీ గారికి నేనే చెబుతాను, ఆ కాలమ్ ఇంకెవరికైనా ఇమ్మని.

పేరు కోసం చేశాననే అనుకుంటారు. అనుకోనీండి, కొంత నిజమే. కానీ ఈ ఇంట్లో పొద్దున లేస్తే చేపల వాసన లేదు నాకు, అన్నం వాసన లేదు, వాన పడితే మట్టి వాసన లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని 'తాటిబెల్లం' అని టైపు చేస్తే మాత్రం ఒక్క క్షణం వచ్చినట్టుండేది. దాని కోసం రాశాను. అబద్ధమని తెలిసే రాశాను."