కొండక్రింది పొగ

హేమంతము ముదిరి పుష్యమాసము నడచుచున్న యా దినములలో సూర్యుడు మంచును తొలగించుకొని పైకి వచ్చుటకు బద్ధకించి తూర్పుకొండ వెనుకనే తడవు చేయుచుండ, సీతాఫలపు పొదలతోను ఎఱ్ఱని బండరాళ్లతోను నిండిన కొండవాలుమీద వెల్లవేసిన పొడవైన వసారాలు మెట్లుమెట్లుగా నగపడుచుండెను. వానియందు బారులు తీర్చిన మంచములపై మెడవఱకు రగ్గులు కప్పుకొనిన రోగులు తెల్లవాఱుటతోడనే కన్నులు విప్పి దిగువకు జూచుచుండిరి. వారు జూచునది ప్రకృతిశోభ గాదు. కొండక్రింద రోగులకు తోడువచ్చినవారికై కట్టించిన పాకలవరుస ముందు ఒక్కొక్క పొయ్యియే రాజుకొని ఒక్కొక్క పొగతీగయే పైకి లేచుచుండ, అది మా యమ్మ పొయ్యి, ఇది మా యన్న పొయ్యి యని యెవరి పొగను వారు గుర్తించి తృప్తిపడుట యా క్షయరోగశాలలో ప్రతిదినము జరుగు వేడుక.

ఆ వరుసలో చిట్టచివరి పొయ్యినుండి మాత్రము పొగ లేవకుండెను. ఆ పొయ్యి కాళహస్తాచారిది. ఆయన గోదావరి పాయ యొడ్డుననున్న పొన్నలంకలో స్వర్ణకారవృత్తిచే జీవించువాడు. నలుబదియేండ్లు నిండినవాడు, మితభాషి, పనిలో గూర్చున్నచో ప్రక్కన పిడుగు పడినను తల యెత్తనివాడు. ఆయన భార్య కాత్యాయని శ్రావణమాసములో దగ్గుట మొదలిడి కార్తికమునాటికి రక్తము గక్కగా, ఊరివైద్యుని మాటపై ఇల్లు తాళము వేసి రైలుబండి యెక్కి, నీరు చూడవలెనన్న నూతిలోనికి తొంగిచూడవలసిన యీ రాతిసీమకు దంపతు లిద్దఱును వచ్చి చేరిరి. ఆమెకు రెండవ వసారాలో కొసమంచ మిచ్చిరి. ఆయనకు కొండక్రింద కొసపాక దొరకెను. మధ్యాహ్నమున గంట కొట్టిన పిమ్మట కొంతసేపు మాత్రము ఆయన పైకి బోయి యామె ప్రక్కన గూర్చుండవచ్చును.

తక్కిన ప్రొద్దంతయు నా పాకముందు గూర్చుండి కాళహస్తాచారి పొన్నలంకనే తలచుకొనుచుండెను. పెండ్లియైన క్రొత్తలో నొకనాడు జమీందారుగారి యింటి కాసులపేరు చేయుచు పనిధ్యాసలో భోజనపుమాట మఱచి సాయంకాలమువఱకు కుంపటి యెదుటనే యుండిపోయెను. లోపల వంటింటి గడపయొద్ద నెవరో పడిన చప్పుడు విని పరుగెత్తుకొనిపోగా, పదునాఱేండ్ల కాత్యాయని సొమ్మసిల్లి పడియుండెను. ముఖమున నీళ్లు చల్లి అన్నము తినలేదా యని యడుగగా, మీరు తినకుండ నేనెట్లు తిందునని యా పిల్ల సిగ్గుతో గూడిన కోపముతో బదులు చెప్పెను. ఆ దినమునుండి ఆయన యెన్నడును వేళ తప్పలేదు. సుత్తి చప్పుడు నిలిచినంతనే లోపల విస్తరి పఱచిన చప్పుడు వినబడుట యా యింటి యలవాటయ్యెను. ఏండ్లు గడచినను, పిల్లలు కలుగకున్నను, ఆ రెండు చప్పుళ్లతోనే యా యిల్లు నిండుగా నుండెను. ఇప్పుడా సుత్తియు లేదు, విస్తరియు లేదు.

ఆయన పొయ్యి పొగ లేకుండుటకు కారణ మొకటి గలదు. ప్రయాణమునకు ముందునాడు ఇలవేల్పయిన కామాక్షమ్మవారి పటమునెదుట నిలిచి, నా యిల్లాలు తన కాళ్లతో తాను కొండ దిగి వచ్చువఱకు నేనన్నము ముట్టనని యాయన మ్రొక్కుకొనెను. మ్రొక్కు బయటపెట్టినచో ఫలము తగ్గునని పెద్దలవలన వినియుండుటచే నెవరికిని జెప్పలేదు. మరమరాలును అరటిపండ్లును మజ్జిగయు ఆయన యాహారమయ్యెను. ప్రతిదినము మధ్యాహ్నము కాత్యాయని యడుగుటయు, ఆయన యబద్ధమాడుటయు జరుగుచుండెను. అబద్ధమాడుటలో నాయనకు బొత్తిగా నేర్పు లేదు.

"ఏమండీ, భోజనమైనదా?"

"కడుపునిండ నైనది."

"ఏమి కూర?"

"వంకాయకూర."

"పోపులో నేమి వేసితిరి?"

"ఉప్పు."

కాత్యాయని ముఖము ప్రక్కకు ద్రిప్పుకొనెను. నవ్వు దాచుకొనుచున్నదని యాతడు తలచి తానును సంతోషించెను.

పుష్యము గడచి మాఘము వచ్చినది. తక్కిన మంచములమీది రోగులు కొంచెము కొంచెముగా కండపట్టుచుండ కాత్యాయని మాత్రము నానాటికి చిక్కిపోవుచుండెను. ఒకనాడు డాక్టరు దొరస్వామిగారు కాళహస్తాచారిని వసారా మెట్లయొద్దకు పిలిచి నెమ్మదిగా నిట్లనిరి. "ఆచారిగారూ, మందు తన పని తాను చేయుచున్నది. ఆహారము చేయవలసిన పని జరుగుట లేదు. శివరాత్రినాటికి ఈమె బరువు పెరుగనిచో నా చేత నగునది లేదు. అప్పుడు ఇంటికి దీసికొనిపోవుటయే మేలు." ఇంటికి దీసికొనిపోవుట యనగా నేమో ఆ కొండమీద నందఱకును దెలియును. నిన్నటివఱకు పొన్నలంక పేరు తలచిన చాలు ప్రాణము లేచివచ్చెడి యా మనుష్యునకు ఆనాడు ఇల్లను మాట వినుటయే భయమయ్యెను.

ఆయన మెట్లు దిగుచుండగా వసారా నర్సు సారమ్మ వెనుకనుండి పిలిచెను. ఆమె ఆ ప్రాంతముననే పుట్టి పెరిగినది, మనసులో మాట దాచుకొనునది కాదు.

"అన్నా, నీకు తెలిసే ఊరుకుండావా, తెలీకనా? పాలు మాత్రం తాగి, పెట్టిన అన్నమంతా ఆయమ్మ కాకులకేస్తా ఉండాది. నిన్న నేనే కండ్లారా చూస్తి. ఏమ్మా ఇట్ల జేస్తావని అడిగితే, ఆయన తినందే నేనెట్ల తింటానంటాది. మీ పొయ్యిలో పొగ లేసింది ఒక్క దినం గూడా చూళ్లేదంట!"

కాళహస్తాచారి తల యెత్తి చూచెను. రెండవ వసారా కొసమంచము క్రిందుగా కాకులు గుంపుగూడి కలహించుకొనుచుండెను. అవి యచట చేరుట ఆయన దినదినమును చూచినదే. కాకులు గదా యని యూరకుండెను. తన ప్రాణమును ముద్దముద్దగా కాకులు తినుచున్నవని యెఱుగడయ్యె. సిగ్గును దుఃఖమును ఒక్కమారు పైకొనగా నాయన యా మెట్లమీదనే కూలబడి పంచె చెఱగుతో ముఖము కప్పుకొనెను.

మఱునాటి యుదయమున ఆయన మ్రొక్కు చెడకుండ భార్య తినునట్టి యుపాయ మొకటి పన్నెను. పొగయే కదా కావలసినది! పుట్టినది మొదలు బొగ్గు కుంపటియెదుట గూర్చుండి ఊదుగొట్టముతో పొగలేని మంట రేపుటయే విద్యగా నేర్చినవాడు, పొగ సోకినచో పని చెడునని తండ్రిచేత మొట్టికాయలు తిన్నవాడు, ఆనాడు పచ్చియాకులు దూసి తెచ్చి పొయ్యిలో గ్రుక్కి కన్నుల నీరు కాఱ నూదుచు పొగ చేయుచుండెను. పొగ లేచుట లేచినది. పాకలవరుస యంతయు దగ్గుట మొదలిడెను. ప్రక్కపొయ్యి యొద్ద కొడుకు కొఱకు సంగటి గెలుకుచున్న చెంగమ్మ యను వృద్ధురాలు కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని వచ్చి పొయ్యిలోనికి తొంగిచూచెను.

"ఏం సామీ! పొయ్యి మీద కుండ లేదు, కుండలోకి బియ్యం లేదు, పొగ మాత్రం పెండ్లింటి పొగ మాదిరి లేస్తా ఉండాదే! ఎవురిని మోసం జేసేదానికి ఇది?"

ఆయన మఱియొక గుప్పెడాకులు పొయ్యిలో గ్రుక్కెను. మధ్యాహ్నము పైకి బోయి నేడన్నము తింటినని ధైర్యముగా జెప్పవలెనని మాటలు కూర్చుకొని పోయెను గాని, మంచము దాపునకు వచ్చుసరికే కాత్యాయని తలగడకు చేరగిలి యాయనకొఱకు కాచుకొనియుండెను. ఆమె కన్నులు గుంటలు పడియున్నను చూపు మాత్రము పొన్నలంక వంటింటి గుమ్మమున నిలిచి చూచెడి యా చూపే.

"నేటి పొగ యెవరికొఱకండీ?"

"ఎవరికొఱకేమి? అన్నము వండుకొంటిని."

"అన్నము వండిన పొయ్యియొద్ద కాకి వ్రాలును. చెంగమ్మ పొయ్యియొద్ద వ్రాలినవి, ఆమె ప్రక్కపొయ్యియొద్ద వ్రాలినవి. మీ పొయ్యిని మాత్ర మొక్క కాకియు తొంగిచూడలేదు. ఇన్నాళ్లు నా చేతి యన్నము తిన్న కాకు లవి. మెతుకున్నచోటు వానికి తెలియకపోవునా?"

కాళహస్తాచారి తల వంచుకొనెను. ఇక దాచుట వలనుగాక కామాక్షమ్మవారి మ్రొక్కు మొదలుకొని మరమరాలవఱకు, డాక్టరుగారి హెచ్చరికతో గూడ, సమస్తము చెప్పివేసెను. వినుచున్నంతసేపు ఆమె యాయన ముంజేతిని పట్టుకొని చూచుచుండెను. మణికట్టున బిగుతుగా నుండెడి వెండిమురుగు మోచేతివఱకు జాఱిపోవుచుండెను. కాత్యాయని కన్నుల నీరు నిండెను.

"మీరు మ్రొక్కినది మొన్న. నేను వ్రతము పట్టినది కాపురమునకు వచ్చిననాడు. ఏది ముందు చెల్లవలెనో ఆ తల్లికి దెలియదా?"

"మ్రొక్కు తప్పినచో నీకేమగునో యని నా భయము, కాత్యాయనీ!"

"మీరు తినకున్న నాకేమగునో డాక్టరుగారు చెప్పనే చెప్పిరి గదా!"

లోకములో మగవారి త్యాగములకు నిట్టి లోపమొకటి యుండును. తాము కష్టపడుచున్నామను తృప్తిలో ఆ కష్టము నెవరు మోయుచున్నారో చూచుకొనరు. కాళహస్తాచారి మంచివాడు గనుక దానిని గ్రహించుటకు ఆ మాటలు చాలినవి.

ఆయన ఆ సాయంకాలము పాకలో గోడకు వ్రేలాడదీసిన యమ్మవారి పటమునెదుట కూర్చుండి, అమ్మా, నీకిచ్చిన మాట తప్పుచున్నాను, కోపము నామీద జూపుము, దానిమీద జూపకుము అని పసివానివలె నేడ్చెను. తెల్లవాఱినంతనే చెంగమ్మయొద్ద కుండ బదులు తెచ్చి, ఎండుకట్టెలు పేర్చి, పొయ్యి ముట్టించి యెసరు పెట్టెను. కాసు బంగారమును కనుఱెప్పపాటు హెచ్చుతగ్గులు లేక కరగింపగల యా మహాశిల్పికి పిడికెడు బియ్యము లొంగినవి కావు. అడుగు మాడెను, నడుమ చిమిడెను, పైన పలుకు మిగిలెను. ఆ మూడు విధముల యన్నమును ఆకులో వడ్డించుకొని మొదటి ముద్దను ప్రక్కన బండపై నుంచెను. రెక్కల చప్పుడుతో నొక కాకి వ్రాలెను. దాని వెనుక మఱియొకటి. ఆయన ముద్ద నోటబెట్టుకొనెను. అన్ని మాసముల పిదప నాలుకకు తగిలిన యా మాడు మెతుకులు ఆయన కెంతో రుచిగా నుండెను.

కొండమీద కాత్యాయని మంచముపై లేచి కూర్చుండి యా కొసపొయ్యి పొగనే చూచుచుండెను. పొగ చిక్కగా లేచినది, నిలువుగా నెక్కినది, పలుచనైనది, మంచులో గలసిపోయినది. అప్పుడామె పళ్లెము దగ్గఱకు దీసికొనెను. కొంత తడవునకు క్రిందనున్న కాళహస్తాచారి కన్నుల నేదియో తళుక్కుమనెను. లోహపు మెఱపు నాతడు పోల్చుకొనలేకుండునా? ఖాళీయైన సత్తుపళ్లెమును ఎండకు వంచి కాత్యాయని చూపుచుండెను.

నాటినుండి ప్రతియుదయము దిగువనుండి పొగయు ఎగువనుండి మెఱపును రాకపోకలు చేయుచుండెను. మధ్యాహ్నవేళ యామె వంటపాఠములు చెప్పుచు, ఆయన తప్పులు విని నవ్వుచు, నవ్వుచు నడుమ నడుమ పొన్నలంక వంటింటిని తలచి నిట్టూర్చుచుండెను. అటకమీది యావకాయ జాడియు, పెరటిలోని కరివేపచెట్టును, వానకు కురిసెడి యా చూరుమూలయు వారి మాటలలోనికి వచ్చిపోవుచుండెను. శివరాత్రికి తూచినప్పుడు ముల్లు కొంచెము మాత్రమే జరిగినది. డాక్టరుగారు మరల చూచి, జరిగినది గదా, ఉండనిండు అనిరి. ఫాల్గుణమున మఱికొంత జరిగెను. చైత్రమాసము వచ్చి కొండవాలున వేపలు పూచినంతట నొకనాడు కాత్యాయని సారమ్మ చేయి విడిచి, మెట్టుమెట్టునకు ఆగుచు, తన కాళ్లతో తాను కొండ దిగి కొసపాకయొద్దకు వచ్చి నిలిచెను. పొయ్యిమీద కూర యుడుకుచుండెను.

"నేడు పోపులో నేమి వేసితిరి?"

"ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయ." ఆయన గంభీరముగా జెప్పెను. "పోపులో ఉప్పెవరైన వేయుదురా?"

చెంగమ్మ పగలబడి నవ్వుచుండ ఆ యిల్లాలు పొయ్యి గట్టుపై గూలబడి నవ్వుచు నేడ్చెను.

ఊరు చేరిన పిమ్మట కాళహస్తాచారి తప్పిన మ్రొక్కునకు పరిహారముగా బొటనవ్రేలంత వెండిపొయ్యి యొకటి చేసి కామాక్షమ్మవారికి సమర్పించెను. వెండికన్నులను వెండియూయెలలను ఎఱిగిన పూజారి దానిని త్రిప్పి త్రిప్పి చూచి, ఇదేమి మ్రొక్కయ్యా యని యడిగెను. ఆయన నవ్వి యమ్మవారికి చేతులు జోడించెను.

అటుపిమ్మట చాల యేండ్లు గడచినవి. కాత్యాయని తల నెరసెను, కాళహస్తాచారి చూపు మందగించి సన్నపు పనులు మానుకొనెను. ఐనను పుష్యమాసమున గోదావరిమీద మంచు దట్టముగా పట్టిన యుదయ మొకటి వచ్చును. అప్పుడాయన భార్యను వీధియరుగుమీద కూర్చుండబెట్టి తానే పొయ్యి ముట్టించును. దారిన బోవువారు, ఏమమ్మా, ముసలితనమున దొరసానివైతివే యని యెగతాళి చేయుదురు. ఆమె వంటింటి కప్పుమీదుగా లేచు పొగను కన్నులు చికిలించి చూచుచుండును. పొగ పలుచనైన పిమ్మట లోపలినుండి వచ్చిన పళ్లెము నందుకొని, అడుగు మాడిన యా యన్నమును మెతుకు విడువక తినును. తిని, ఆయన గుమ్మములోనే నిలిచి చూచుచున్నను, ఖాళీ పళ్లెమును ఎండకు వంచి తళుక్కుమనిపించును.