లెన్సుకు పట్టిన పొర

మా ఆయన ఏడుస్తున్నాడంటే ఆదోనిలో ఎవరూ నమ్మరు. పత్తి యార్డులో దామోదరం శెట్టి అంటే కుప్ప దగ్గర నిలబడి, గుప్పెడు పత్తి తీసి, ఒక్కసారి వెలుతురుకు ఎత్తి చూసి, రైతు మొహం వైపు కూడా తిరగకుండా ధర చెప్పి ముందుకు సాగిపోయే మనిషి. అలాంటి మనిషి దసరా వెళ్ళినప్పటి నుంచి పళ్ళెం ముందు కూర్చుని ముక్కు చీదుతున్నాడు. పోయింది మనిషి కాదు. తన చేత్తో తాను అమ్ముకున్న రెండు పాత కెమెరాలు, వాటి మూడు లెన్సులు.

వాటి వైభవం నేను చూడనిది కాదు. పెళ్ళై ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ బీరువాలో పై అర వాటిది, కింది అర నాది. వాటిని తుడవడానికి వేరే మల్లుగుడ్డ, ఆ గుడ్డ ఉతకడానికి వేరే సబ్బు. తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. గిరిధర్ పుట్టినప్పుడు బిడ్డను కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు. సరే, అంత ముద్దు చేసిన వాటితో ఏం తీశాడయ్యా అంటే పత్తి కుప్పలు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో దుమ్ము మీద పడే ఎండ. బోరాల మీద కునుకు తీసే హమాలీలు. ఏటేటా దసరా రాత్రి కర్రల సమరానికి దేవరగట్టుకు పోయి ఆ కర్రలు, ఆ కాగడాలు. రీలు చివర ఒకటో రెండో మిగిలితే మాత్రం "రాజేశ్వరీ, ఇట్ల వచ్చి నిలబడు" అనేవాడు. ఈ ఇంట్లో ఉన్న నా ఫోటోలన్నీ రీలు చివరివే. వాటిలో కొన్నింట్లో నేను సగమే ఉంటాను, మిగతా సగానికి ఫిలిం చాలలేదు.

మరి ఎందుకు అమ్మాడు? లెన్సులకు పొర పట్టిందట. దీపం చుట్టూ వలయం పడుతోందని, తెల్లటి గోడ పసుపుగా వస్తోందని ముందు ఒక లెన్సును తిట్టాడు. తర్వాత రెండోదాన్ని, ఆ తర్వాత మూడోదాన్ని. మూడింటికీ ఒకేసారి జబ్బు చేస్తే, మూడింటి వెనకా ఉన్నది ఒకే కన్ను కదా అని ఆలోచించాలి. అంత తెలివి మా ఆయనకు పత్తి దగ్గరే గానీ ఇంట్లో ఉండదు.

గిరిధర్ ఒకసారి మెల్లగా అన్నాడు. "నాన్నా, ఫోటో బాగనే ఉండాది కద. ఒకసారి కండ్లు సూపించుకుంటే పోలా?"

అంతే, ఇంటి పైకప్పు లేచిపోయింది. "నా కన్నుకే వంక పెడ్తావా? దామోదరం కన్నెట్లాంటిదో యార్డుకు పోయి అడుగు పో!"

అడగక్కర్లేదు, నాకూ తెలుసు. ఆయన ఒక కుప్పను చూసి తెలుపు పోయి రంగు తిరిగిందంటే మిగతా వ్యాపారులు ఆ కుప్ప దగ్గర ఆగరు. ఆ కన్ను మసకబారిందని తెలిసిందంటే ఆ పేరు ఆ పూటతో సరి. అందుకని తప్పంతా నోరులేని లెన్సుల మీదికి పోయింది.

కొన్నవాడు ఎమ్మిగనూరులో స్టూడియో పెట్టుకున్న ఆదెప్ప. మా హాల్లో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగి, లెన్సును కిటికీ వైపు పట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నిజమేన్నా. పాపం, పొర బాగా పట్టింది. ఎవురూ ముట్టరు దీన్ని. మీ మీద గౌరవం కొద్దీ నేను తీస్కపోతా" అన్నాడు. నిగనిగలాడే అద్దాన్ని చేతిలో పెట్టుకుని ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో ఒక్క నరం కదిలితే ఒట్టు. ఒకరికి కనిపించదు, ఇంకొకడికి కనిపించినా చెప్పడు. ఇద్దరూ సంతోషంగా చేతిలో చెయ్యి వేసుకుని బేరం తెంపుకున్నారు. నేను కూడా సంతోషంగానే పై అరలో నా వెండి గిన్నెలు సర్దుకున్నాను.

ఈ వేసవిలో మిల్లు మెట్టు కనపడక పడ్డాడు. అప్పుడు గిరిధర్ రెక్క పట్టుకుని కర్నూలు తీసుకుపోయి శుక్లాలు తీయించాడు. యార్డులో మాత్రం మొక్కు తీర్చుకోవడానికి పోయాడని చెప్పాం. కళ్ళు తేరుకుని ఇంటికి వచ్చాక హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. "సున్నం ఎప్పుడు కొట్టించినారు?" అని అడిగాడు. ఈ గోడలకు సున్నం కొట్టించి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. నా తెల్ల చీర చూసి "కొత్తదా?" అన్నాడు. అది మా మరిది పెళ్ళి నాటిది. నేనూ గిరిధర్ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన నవ్వలేదు. అవమానం అనుకుంటున్నాడులే అనుకున్నాను.

ఇక దసరా వెళ్ళిన తెల్లవారి ఎవరో ఫోనులో ఒక ఫోటో పంపారు. దేవరగట్టులో కాగడాల వెలుగు, గాలిలో లేచిన కర్రలు, ఒక ముసలాయన నుదుటి మీద పసుపు, ఆ పసుపులో చెమట చారలు. ఒక్కొక్క వెంట్రుక వేరువేరుగా కనిపిస్తోంది. కింద ఆదెప్ప పేరు, పాత లెన్సుతో తీశానని గొప్ప. మా ఆయన ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశాడు. "ఇది నా లెన్సు" అన్నాడు. అప్పుడు మొదలైన ఏడుపు ఇది. ఏడుపుతో పాటు, ఆదెప్ప తనను నిలువునా ముంచాడని ఆదోనంతా చాటింపు.

"అంత బాధగా ఉంటే పోయి అడగండి" అన్నాను.

"తెగిన బేరం నేనెట్ల తిరగ్గొట్టేది? యార్డులో మొహమెత్తుకోని తిరగొద్దా?" అన్నాడు. వ్యాపారుల మర్యాద అది. చెయ్యి వేశాక వెనక్కి వచ్చినవాణ్ణి మనిషి కింద కట్టరు. కాసేపు ముక్కు తుడుచుకుని అసలు సంగతి బయట పెట్టాడు. "నువ్వడుగు. ఆడమనిషి అడిగితే తప్పు ల్యా. మూడూ వొద్దు, ఆ ఒక్క లెన్సు సాలు. అదంటే నీకే మమకారమని, అది లేకుండా నువ్వుండలేవని సెప్పు."

నాకు మమకారమట! రీలు చివర సగం మొహంతో మిగిలినదాన్ని, నాకు! అయినా సరేనన్నాను. అంతటి దామోదరం శెట్టి నా కొంగు చాటున నిలబడి అడుక్కునే ముచ్చట చూడాలనిపించింది.

ఎమ్మిగనూరు బస్సులో దారి పొడుగునా నాకు మాటలు నేర్పుతూనే ఉన్నాడు. ఇట్లా అను, అట్లా అనకు, కళ్ళ సంగతి మాత్రం ఎత్తకు. కళ్ళ సంగతి ఎత్తకు అని ఎన్నిసార్లు చెప్పాడో పక్క సీటువాళ్ళను అడిగితే చెబుతారు.

స్టూడియోలో గోడకు నీలం తెర, దాని ముందు రెండు కుర్చీలు. వాటిలో పల్లె నుంచి వచ్చిన ఆలుమగలు బిగదీసుకుని కూర్చున్నారు. కూతురు అడిగిందని జంట ఫోటో తీయించుకోవడానికి వచ్చారట. మమ్మల్ని చూడగానే అతను దిగ్గున లేచాడు. "సావుకారీ, నేను గిడ్డయ్యను. పత్తి మీకే ఏస్తాంటి కద" అన్నాడు. మా ఆయన తల ఒకవైపు అర అంగుళం వంచాడు. అది గుర్తుపట్టినట్టో కాదో ఆ తలకే తెలియాలి. గిడ్డయ్య పెళ్ళాం ఉచ్చీరమ్మ మాత్రం లేవలేదు. ఫోటో కోసం దువ్విన తల చెదురుతుందనేమో, కొంగు పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆదెప్పకు మేమెందుకు వచ్చామో చెప్పే పని లేకపోయింది. నవ్వుకుంటూ లోపలికి పోయి లెన్సు తెచ్చి, తన కెమెరాకు తగిలించి మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని కంటికి ఆనించుకుని వీధి వైపు తిరిగాడు. ఎంతసేపటికీ దించలేదు. "రాజేశ్వరీ, ఆ ఎదురు మిద్దె మీద నూలు ఆరేసినారు. పోగు పోగు కనపడతాంది" అన్నాడు. ఆ క్షణంలో, నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం జాలేసింది.

నేర్పిన పాఠం అప్పజెప్పాను. నాకు మమకారమన్నాను, లేకుండా ఉండలేనన్నాను. ఆదెప్ప బుద్ధిగా విన్నాడు.

"ఇస్తాలేమ్మా. రూపాయి కూడా వొద్దు" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. ఆ రోజు మా హాల్లో మీరు మీరు అన్న నోరు ఇప్పుడు నువ్వులోకి దిగింది. "నేను మోసం చేసినానని ఆదోనంతా సెప్తాండావంటనే అన్నా. పొర పట్టిందన్నది నువ్వు, అవునన్నది నేను. మోసం యాడుంది ఇందులో? ఒక్క మాట సెప్పి ఎత్తకపో. పొర దేనికుండె? ఈ ఇద్దరి ముందర సెప్పు, సాలు."

ఎంత సులువైన మాట! కంటికి ఉండె అంటే అయిపోయింది. ప్రాణం పెట్టి ఏడ్చిన లెన్సు ఇంటికి వస్తుంది. మా ఆయన ఆదెప్పను చూడలేదు. గిడ్డయ్యను చూశాడు. ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. పెళ్ళైనప్పటి నుంచి ఈ మనిషి ఒక రైతుకు జంకడం నేను చూడలేదు, అప్పుడు చూశాను.

"లెన్సుకే" అన్నాడు. "లెన్సుకే ఉండె పొర." కెమెరాను బల్ల మీద పెట్టేశాడు. చెయ్యి మాత్రం దాని మీదే ఉంచాడు.

పెద్దమనిషి ఇబ్బంది పడుతున్నాడని గిడ్డయ్యకు అనిపించిందో ఏమో, అడ్డం వచ్చాడు. "ఏం మాటలప్పా ఆదెప్పా! సావుకారి కన్ను తప్పు పోతాదా? ముందటేడు మా పత్తి రంగు తిరిగిందని సూస్తానే సెప్పి ధర తగ్గించినాడు. ఇంట్లో పెట్టుకున్న మాకే తెలీలా. ఇదిగో, ఇది సేసిన పనే" అని పెళ్ళాం వైపు గడ్డం చూపించాడు. "తెల్లారకముందే పోయి మంచులో తెంపింటాది. తడి పత్తి రంగు తిరక్కేమవుతాది? దాంతో దీన్ని తిట్టని దినం ల్యా. పోయినేడు దీన్ని సేనులోకే రానీకుండా కూలోళ్ళను పెట్టినా. అయినా తిరిగింది సూడు. కూలోళ్ళకూ ఇదే నేర్పింటాది."

ఉచ్చీరమ్మ ఆ మాటలు ఎన్నోసార్లు విన్నట్టు ఒళ్ళో చేతులు పెట్టుకుని నీలం తెర అంచు చూస్తూ కూర్చుంది.

నాకు మా హాలు గుర్తొచ్చింది. సున్నం ఎప్పుడు కొట్టించినారని అడిగిన మొహం గుర్తొచ్చింది. నేనూ గిరిధర్ నవ్వుతుంటే ఆయన ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది. గోడ తెల్లగా కనిపించిన ఆ నిమిషమే ఆయనకు తాను రంగు తిరిగిందన్న కుప్పలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. పత్తి మనిషికి అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. తెలుసు. వేసవి నుంచీ తెలుసు. తెలిసి నెలల తరబడి ఒక్క ముక్క అనలేదు, ఒక్క పూట అన్నం మానలేదు. ఆ ఏడుపంతా దాచిపెట్టుకుని తెచ్చి గాజు ముక్క కోసం ఏడ్చాడు.

ఆయన వైపు చూశాను. ఇంత జరుగుతున్నా ఉచ్చీరమ్మను చూడడం లేదు, నన్ను చూడడం లేదు. లెన్సును చూస్తున్నాడు. దాని అంచున ఏదో నలుసు కనిపించినట్టుంది, బొటనవేలితో తుడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పొర ఆయన కంటికుండె, గిడ్డయ్యా" అన్నాను.

"రాజేశ్వరీ!"

"శుక్లాలు. మొన్న ఎండాకాలంలో కర్నూల్లో తీయించినాం. అంతకు ముందు ఆయనకు మా ఇంటి తెల్లగోడే పసుపుగా కనపడుతాండె. మీ పత్తిని సూసింది ఆ కన్నుతోనే."

ఆదెప్ప కెమెరాకున్న లెన్సు విప్పి మా ఆయన ముందుకు తోశాడు. "మాట వచ్చేసింది. ఎత్తకపోన్నా" అన్నాడు, గొంతులో నవ్వు లేకుండా. గిడ్డయ్య గానీ ఉచ్చీరమ్మ గానీ దాని వంక చూడలేదు. మా ఆయన చెయ్యి మాత్రం మెల్లగా పోయి దాన్ని పట్టుకుంది.

మేము వచ్చినప్పటి నుంచి కదలని ఉచ్చీరమ్మ కుర్చీలోంచి లేచింది. దువ్విన తల మీంచి కొంగు జారినా పట్టించుకోకుండా నా ముందుకు వచ్చి నిలబడింది.

"అయితే నా పత్తి తెల్లగే ఉండెనా అమ్మా?"

"తెల్లగే ఉండె" అన్నాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఇన్నావా?"