కూలలేదు, దిగింది

మొన్న పొద్దున టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఒక వార్త కనిపించింది. ‘ఇంజిన్ ఫెయిల్. పొలంలో కూలిన గ్లైడర్. పైలట్‌కు తప్పిన ప్రాణాపాయం.’ తరుగుతున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి, అది మళ్ళీ వచ్చేదాకా కూర్చున్నాను. తెరమీద బొమ్మ కూడా వేశారు. తెల్లటి గ్లైడర్ ఒకటి పచ్చిక మీద ఒక రెక్క వాల్చుకుని, మధ్యాహ్నం కునుకు తీస్తున్న పిల్లిలా పడుకుని ఉంది. దానికి ఇంజిన్ పెట్టే చోటే లేదు.

పక్క కుర్చీలో మా ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశారు.

“ఎవరో పాపం, నిన్న బాగా ఎగిరినట్టున్నాడు,” అన్నారు.

ఆ మాట మా ఇంట్లోనే అర్థమవుతుంది. బయటివాళ్ళకి కాస్త చెప్పాలి.

మా కాలంలో గ్లైడర్‌ని ఇంకో విమానం తాడు కట్టి పైకి లాగి వదిలేసేది. ఆ తర్వాత ఎండకి నేల మీంచి లేచే వేడిగాలే దిక్కు. గద్దలు ఎక్కడ గుండ్రంగా తిరుగుతుంటే అక్కడికి పోయి వాటితో పాటు తిరిగి పైకెక్కడం, అక్కడినుంచి జారుకుంటూ ఇంకో గాలిని వెతుక్కోవడం. సాయంత్రానికి గాలి చల్లబడి, ఇల్లు ఇంకా దూరంగా ఉంటే, మంచి పొలం ఒకటి చూసుకుని దిగిపోతారు. అది ప్రమాదం కాదు, బస్సు దొరక్కపోతే నడిచి రావడం లాంటిది. దూరం పోయే ధైర్యం చేసినవాడే పొలంలో దిగుతాడు, పొద్దస్తమానం గ్లైడింగ్ క్లబ్బు మీదే తిరిగేవాడు క్లబ్బులోనే దిగుతాడు. దిగినవాడు దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టి, ఫోను అడిగి, ఇంటికి కబురు చేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్ళు కారుకి పొడవాటి ట్రెయిలర్ తగిలించుకుని వెళ్ళి, రెక్కలు ఊడదీసి, అందులో సర్దుకుని తెచ్చుకోవాలి.

క్లబ్బులో మిగతావాళ్ళు ఈ పనికి బావమరుదుల్ని బతిమాలుకునేవారు. మా ఆయనకి బండి నడపడం వచ్చిన భార్య దొరికింది. ఆదివారం ఫోను మోగితే నేను “అబ్బా, మళ్ళీనా” అని నలుగురికీ వినపడేలా నిట్టూర్చి, లోపలికెళ్ళి చెప్పులు తొడుక్కునేదాన్ని. నిజం చెప్పాలంటే వారానికి ఒకసారి ఇంట్లోంచి ఒక్కదాన్నే బయటపడటానికి నాకు దొరికిన సాకు అదొక్కటే. ముప్పై కిలోమీటర్లో నలభయ్యో, రేడియో పెట్టుకుని, కిటికీ దించుకుని, ‘అమ్మా’ అనీ ‘ఏమే’ అనీ పిలిచేవాళ్ళు లేని ప్రయాణం. ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఈ రెండు సంతోషాలకీ గండం ఒక విలేకరి రూపంలో వచ్చింది. మా ఊరి పేపరు మనిషి. సన్నగా, పొడుగ్గా, నలభై దాటి, ఇద్దరు పిల్లల తండ్రి, మెడలో కెమెరా, కింద మోపెడ్. పొలంలో విమానం పడిందని ఎవరో పోలీసులకి ఫోన్ చేస్తే పోలీసుల కంటే ముందు అతను వచ్చేవాడు, నాకంటే ఎలాగూ ముందే. మొదటిసారి ‘ఇంజిన్ మొరాయించి కూలిన విమానం’ అని రాశాడు. రెండోసారి మేం ఊడదీసి గడ్డి మీద పెట్టిన రెక్కల్ని ఫొటో తీసి ‘మూడు ముక్కలైన విమానం, పైలట్‌కు స్వల్ప గాయాలు’ అన్నాడు. ఆ గాయం పొద్దున గడ్డం గీసుకుంటుంటే అయింది. మూడోసారి ‘తృటిలో తప్పిన పెను ప్రమాదం’. విమానాన్ని బడి మీద పడకుండా పైలట్ చాకచక్యంగా పక్కకు తిప్పి వందలాది చిన్నారుల్ని కాపాడాడట. అప్పటినుంచి మా ఇంట్లో అతని పేరు తృటిగారు.

మేం నవ్వుకునేవాళ్ళం. మా అత్తగారు నవ్వేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు నడిపే కళ్ళద్దాల దుకాణంలో చేయించిన అద్దాలతో రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదివేది.

“అమ్మా, దిగింది నేను. నేనే చెప్తున్నా కదా, ఏం కాలేదని,” అన్నారు మా ఆయన మూడోసారి.

“నువ్వు నా దగ్గర దాస్తావు. వాళ్ళకేం అవసరంరా దాచడానికి?”

రెండు రోజులు బంధువుల ఫోన్లు మోగాయి. పెద్దాడపడుచు ఫోన్లో ఏడ్చింది కూడా. మూడో రోజు భోజనాల దగ్గర అత్తగారు కొడుకు నుంచి మాట తీసుకుంది. ఇంకొక్కసారి పేపర్లో వస్తే గ్లైడర్ అమ్మేయాలి. మా ఆయన మాట ఇస్తే తప్పే రకం కాదు. అదే ఆయనతో చిక్కు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన క్లబ్బు వదిలి దూరం పోలేదు. నాకు ఆదివారాలు ఇంట్లోనే గడిచాయి.

వేసవి చివర ఒక ఆదివారం గాలి ఎలా ఉందో నాకు తెలీదు గానీ, ఆయన ఆగలేకపోయారు. పదకొండేళ్ళుగా ఆయనకి ఒకటే కోరిక, ఒక్క రోజులో పోను రాను మూడు వందల కిలోమీటర్లు. సాయంత్రం నాలుగున్నరకి ఫోను మోగింది. అత్తగారు పక్కనే ఉండి తనే ఎత్తింది, పాత అలవాటు. ఒక నిమిషం విని, నాకు అందించకుండానే పెట్టేసింది.

“ఇరవై రెండు కిలోమీటర్ల అవతల ఉన్నాడు. నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమవైపు కంకర రోడ్డు. పద.”

“మీరెక్కడికి అత్తయ్యా?”

“రేపు పేపర్లో చదివేదేదో ఇవాళే నా కళ్ళతో చూస్తా. అక్కడేం దాస్తారో చూద్దాం.”

ఆ రోజు రేడియో పెట్టలేదు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వెనకాల ట్రెయిలర్ ఊగినప్పుడల్లా తలుపు పట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ఆ రోడ్డుని ఆఖరిసారి చూస్తున్నట్టే చూశాను.

కోత కోసిన పెద్ద చేను. మోళ్ళ మధ్య గ్లైడర్ చక్కగా నిలబడి ఉంది. పొలం యజమానురాలు పెద్ద జగ్గుతో మంచినీళ్ళు తెచ్చింది. మా ఆయన ముఖం ఎండకి కందిపోయి, పెళ్ళినాటి కంటే ఎక్కువ వెలిగిపోతోంది.

“మూడు వందల ఎనిమిది,” అన్నారు నాతో, మెల్లిగా.

అంతలో నా వెనకాల తల్లిని చూశారు. మోపెడ్‌కి ఆనుకుని రాసుకుంటున్న తృటిగారినీ చూశారు. వెలుగు ఆరిపోయింది.

“నమస్తే మేడమ్. కూలిన సమయం నాలుగుంపావు అని రాసుకున్నా, సరిపోతుందా?” అన్నాడతను. “రెక్కలు ఎప్పుడు ఊడదీస్తారు? ఇదివరకు తీసిన ఆ ఫొటోకి మా ఆఫీసులో మంచి పేరొచ్చింది.”

“కూలలేదండీ. దిగింది. అదుగో, కనిపిస్తోందిగా.”

“కనిపిస్తోంది మేడమ్. కానీ దిగిందంటే వార్త కాదు. బస్సు స్టాపులో ఆగిందని రాస్తామా?” మనిషి చెడ్డవాడేం కాదు. “విమానం పడితే మా ఎడిటరు పావు పేజీ ఇస్తాడు. దిగితే నా మొహం చూస్తాడు.”

మా ఆయన నా పక్కకి వచ్చారు. “పోనీలే. మూడు వందలు అయిపోయింది. మానేసినా ఫర్వాలేదు,” అన్నారు. అబద్ధం ఆడటం రాని మనిషి అబద్ధం ఆడుతుంటే చూడటం కష్టం. నేను కారు దగ్గరికెళ్ళి, డాష్‌బోర్డు అరలో ఏళ్ళ తరబడి పసుపుబారుతున్న కాగితం ఒకటి తీశాను.

దూరం లెక్కలోకి రావాలంటే రుజువు కావాలి. వెళ్ళి తిరిగిన చోటుకి పైనుంచి తీసిన ఫొటో రుజువు. దిగిన చోటుకి మనుషులే రుజువు. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎలా దిగిందో రాసిన కాగితం మీద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. పొలం ఆవిడ చేతులు తుడుచుకుని మొదటి సంతకం పెట్టింది. రెండోదానికి మా అత్తగారు సంచిలోంచి పెన్ను తీసింది.

“మీది చెల్లదు అత్తయ్యా. బంధువులు పెట్టకూడదు.”

“కన్నదాన్ని నేను. నాది చెల్లకపోతే ఇంకెవరిది చెల్లుతుంది?”

“అందుకే చెల్లదు. ఈయన చంద్రమండలంలో దిగారన్నా మీరు పెట్టేస్తారు.”

“ఏం పెట్టను. వీడి మాట నమ్మే రోజులు పోయాయి,” అంది గానీ పెన్ను లోపల పెట్టుకుంది.

నేను తృటిగారి వైపు తిరిగాను. “మీరు పెడతారాండీ? చదువుకున్నవారు, మాకు ఏమీ కానివారు. మాకంటే ముందొచ్చి చూసినవారు కూడాను.”

విలేకరుల చేత నలుగురూ వార్త రాయించుకుంటారు గానీ సంతకం అడిగేవాళ్ళు ఉండరనుకుంటా. అతను జుట్టు సర్దుకుని కాగితం అందుకున్నాడు.

“చదివి పెట్టండి,” అన్నాను. పైకి చదవమనలేదు. కానీ అతనికి పైకి చదవడమే అలవాటు.

“‘పై గ్లైడర్ ఎలాంటి నష్టమూ లేకుండా, పైలట్ క్షేమంగా, ఈ పొలంలో దిగి ఉండగా నేను స్వయంగా చూశాను.’” పేరు, చిరునామా, వృత్తి దగ్గర ‘విలేకరి’ అని గుండ్రంగా రాసి, కింద రెండు గీతలు లాగాడు. “ఇది ఎక్కడికి పోతుంది మేడమ్?”

“మా క్లబ్బుకి. అక్కడినుంచి పై ఆఫీసుకి. ఫైల్లో ఉంటుంది.”

“ఎన్నాళ్ళు?”

“ఎప్పటికీ.”

అతను తన నోట్‌బుక్ వైపు చూసుకున్నాడు. “మరి రేపు నేను...”

“మీ ఇష్టమండీ. అదీ మీ పేరు మీదే ఉంటుంది, ఇదీ మీ పేరు మీదే ఉంటుంది,” అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, “ఆ రెక్క చివర కాస్త పట్టుకుంటారా? మనుషులు చాలరు,” అన్నాను.

అతను కెమెరా వీపు మీదికి తిప్పుకుని పట్టుకున్నాడు. రెక్క చివర పట్టుకున్నవాడు అది ట్రెయిలర్ ఎక్కేదాకా వదలకూడదు. మా ఆయన పిన్నులు లాగారు, రెక్క దండెం మీది చీరలా సులువుగా జారి వచ్చింది. మా అత్తగారు దగ్గరికొచ్చి ఆ పిన్నుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. బొటనవేలంత ఉంది.

“ఇది తీస్తే ఊడుతుందన్నమాట. విరగలేదన్నమాట.”

“విరగదమ్మా. ప్రతిసారీ ఇలాగే ఊడదీస్తాం,” అన్నారు మా ఆయన.

ఆవిడ రెక్క మోస్తున్న మనిషి వైపు తిరిగింది. “బాబూ, పోయినసారి బడి పిల్లల్ని తప్పించాడని రాశావు. అది ఆదివారం కదూ?”

“అవునండీ.”

“మరి పిల్లలు?”

చేతులు ఖాళీగా ఉంటే తల గోక్కునేవాడు. “బడైతే ఉందండీ అక్కడ,” అన్నాడు.

ఆవిడ పిన్ను మా ఆయన చేతిలో పెట్టి, వెళ్ళి కారులో కూర్చుంది. గెలిచానని నేను సంతోషించాల్సింది గానీ, ఆ ముఖం చూస్తే మనసొప్పలేదు. ఎక్స్ఛేంజీలో అంత కాలం ఒకరి మాట ఇంకొకరికి ఉన్నదున్నట్టు కలిపిన మనిషి, పేపరు కూడా అలాంటిదే అనుకుంది.

మర్నాడు పొద్దున మా ఆయన దుకాణానికి వెళ్ళకుండా వంటింట్లో నా పక్కన నిలబడి, రెండోసారి కాఫీ అడిగారు. అవతల పేజీలు తిరుగుతున్న చప్పుడు. మొదటి పేజీ, ఊరి పేజీ, ఆటల పేజీ, టెండర్లు. మళ్ళీ మొదటినుంచి. చివరికి ఆవిడే లేచొచ్చింది.

“లేదు,” అంది. “కూలిందనీ లేదు, దిగిందనీ లేదు. మూడు వందల ఎనిమిది కిలోమీటర్లు పోతే ఒక్క ముక్క వెయ్యలేదు.”

“అది వార్త కాదటమ్మా.”

“బావిలో పడిన దూడని పైకి తీశారని వేశారు. ఇదైనా నిజమేనంటావా?” అని నన్ను అడిగింది.

“అయితే అమ్మా,” అన్నారు మా ఆయన, గోడతో మాట్లాడుతున్నట్టు, “పేపర్లో రాలేదు కాబట్టి...”

“ఎగురు. ఎగరొద్దని ఎవరన్నారు? కానీ నీ సంగతి వాళ్ళు రాస్తే తెలుసుకునే ఓపిక నాకు లేదు. వచ్చే వారం నుంచి నేనూ కారెక్కుతా. ముందు సీటు వెనక్కి జరిపించు, మోకాళ్ళు తగులుతున్నాయి.”

మా ఆయన నా వైపు కృతజ్ఞతగా చూశారు. నేను పాలగిన్నె వైపు చూశాను. ఆయన ఆదివారాలు నిలబెట్టాను. నావి పోయాయి.

తొమ్మిది వేసవులు ఆవిడ ఆ ముందు సీట్లో కూర్చుంది. మొదట్లో లోపల్లోపల విసుక్కున్నాను. రేడియో బదులు ఎక్స్ఛేంజీ కబుర్లు. ఎవరెవరికి ఎక్కడినుంచి ట్రంకు కాల్ వచ్చేదో, ఏ పెళ్ళి ఎలా కుదిరిందో, ఎలా చెడిందో. ఇంట్లో గిన్నెల మధ్య నాతో ఎప్పుడూ చెప్పనివి. మామగారి గురించి కూడా చెప్పింది, అది మాత్రం రాయను. పొలంలో గుంపు ఉంటే ముందు తనే దిగి, పిన్ను చూపించి అందరికీ పాఠం చెప్పేది. తృటిగారు ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు, రాసుకోవడానికేమీ లేక రెక్క పట్టుకుని వెళ్ళాడు. తర్వాత పెద్ద పేపరుకి మారాడని విన్నాం.

ఇప్పుడు ఆవిడ లేదు. మా ఆయన మోకాళ్ళ నొప్పులతో తనంతట తనే మానేశారు. దుకాణంలో కూర్చుని కిటికీలోంచి మబ్బులు చూస్తారు.

అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది మూడో వేసవిలో ఒక సాయంత్రం. ఆ రోజు ఇంట్లో ఆగలేక క్లబ్బుకే వెళ్ళి ఫోను దగ్గర ఇద్దరం కూర్చున్నాం. ఐదున్నర దాటింది, ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. నేను రెండుసార్లు రిసీవరెత్తి ఫోను పనిచేస్తోందో లేదో చూశాను. ఆవిడ గుమ్మంలోకెళ్ళి కళ్ళద్దాలు తీసి, పడమటి దిక్కు చాలాసేపు చూసి, తిరిగొచ్చి కూర్చుంది.

“వేడిగాలి ఇంకా లేస్తోంది, మబ్బు అడుగు చదునుగా ఉంది చూడు,” అంది. “రానీ అమ్మాయ్, తొందరేముంది. ఎంత ఆలస్యమైతే మన ప్రయాణం అంత దూరం.”