బిల్ల లేని డాక్టరు

డాక్టర్ యిర్మియా అసూయ సామాన్యమైనది కాదు. సామాన్యుల అసూయకు పొరుగింటి బర్రె, తోడికోడలి ముక్కుపుడక చాలును. ఆయన అసూయకు సీనియర్ మెడికల్ ఆఫీసరు హోదా, ఇరవయ్యేళ్ల సర్వీసు, అన్నింటికీ మించి విజ్ఞానశాస్త్రపు దన్ను ఉన్నాయి. గోదావరిఖని గనుల నడుమ ఉన్న ఆ దవాఖానలో, వెనుకవైపు గదిని ఆక్రమించి ఆయన ఒక సామ్రాజ్యాన్ని స్థాపించుకున్నాడు. ఆ సామ్రాజ్యంలో ప్రజలు గాజు గొట్టాలు, రాజభాష ప్రొటీన్ల రసాయనం. శత్రుభయం లేదు, ఎందుకంటే ఆ గదిని కోరినవాడే లేడు.

మనిషి మతి చెడినప్పుడు అతని నెత్తుటిలోని ప్రొటీన్లు కూడా చెడతాయని, ఆ చెడును కాగితం మీద పట్టవచ్చని ఆయన సిద్ధాంతం. వడపోత కాగితపు పట్టీ మీద నెత్తుటి సీరం చుక్క వేసి, పట్టీ రెండు కొసలనూ ద్రావణంలో ముంచి విద్యుత్తు పంపిస్తే, ఒక్కో ప్రొటీను ఒక్కో దూరం నడిచి ఆగిపోతుంది. నీలిరంగు అద్దితే అవి చారలుగా తేలతాయి. మతిచెడినవాడి పట్టీలో అందరికీ లేని చార ఒకటి ఉండి తీరాలని యిర్మియా ఏళ్ల తరబడి తపస్సు చేస్తున్నాడు. చార ఇంకా ప్రత్యక్షం కాలేదు. కాలనీ కరెంటు నమ్మదగినది కాదు గనుక, గనిలోకి దిగేవాళ్లు నడుముకు కట్టుకునే దీపాల బ్యాటరీలను వరుసగా కలిపి ఈ యజ్ఞం సాగించేవాడు.

ఆ బ్యాటరీలు దవాఖానకు ఎదురుగా, దారికి అవతల ఉన్న లాంపురూము నుంచి వచ్చేవి. దాని అధిపతి కొమురెల్లి. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిల్లను అతనికి ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకోవాలి. మేకుకు బిల్ల వేలాడుతున్నదంటే దాని మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆ బిల్ల దిగేదాకా కొమురెల్లి ఇంటిముఖం చూడడు. దిగబోయేవాళ్లు బీడీలో అగ్గిపెట్టెలో దాచుకున్నారేమోనని ఒళ్లు తడిమి చూడడం కూడా అతని కొలువే. ఇదంతా యిర్మియాకు తెలుసు. ఆయన తండ్రి గనిలో తట్ట మోసినవాడే. కాని తెలిసినదాన్ని కూడా కనబడనీయకపోవడం అసూయకున్న విశేష ప్రజ్ఞ.

పంతొమ్మిది వందల డెబ్బై రెండులో ఆ దవాఖానకు డాక్టర్ ఆగయ్య వచ్చాడు. బెల్లంపల్లి గని కార్మికుడి కొడుకు. మానసిక వైద్యం చదివినవాడు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా తొడిగేవాడు. చదువుకూ ఉద్యోగానికీ నడుమ ఒక ఏడాది అతడెక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. వచ్చీరాగానే ఒక విడ్డూరం మొదలుపెట్టాడు. శ్రీరాంపూర్‌లోనూ బెల్లంపల్లిలోనూ ఉన్న డిస్పెన్సరీలలో రోగులు సాయంత్రం ఫోను దగ్గర కూర్చుంటారు. ఇతడు ఇక్కడ తన గదిలో ఫోను పట్టుకుని మాట్లాడతాడు. మనిషిని చూడకుండా మనసుకు మందు వేయవచ్చునా అన్నది పరిశోధన. దాన్ని చూడటానికి పట్నం నుంచి పెద్ద డాక్టర్లు కారులో వచ్చారు. ప్రొటీన్ల గది ముందునుంచే నడిచి వెళ్లారు. ఒకాయన మాత్రం లోపలికి తొంగిచూసి, స్నానాలగది ఇదేనా అని అడిగాడు.

ఆ ప్రశ్న యిర్మియా గుండెలో ఇనుపముక్కలా దిగబడింది.

దాని మీద సమ్మెటదెబ్బ వేసినది లస్మవ్వ. ఆమె కొడుకు పోశం శ్రీరాంపూర్ గనిలో కప్పు కూలి రాళ్లకింద చిక్కి, బతికి బయటపడి, ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. కన్నవాళ్ల నెత్తురు కూడా చూడాలని యిర్మియా ఆమెను పిలిపించాడు.

“నెత్తురు ఇయ్యనంటే ఇయ్య సారూ,” అన్నది లస్మవ్వ చెయ్యి కొంగులో దాచుకుంటూ. “మావోనికి ఆగయ్య సారు ఫోన్లనే నయం జేస్తుండు.”

“ఫోన్ల ఏం జేస్తడు? సూది గుచ్చుతడా?”

“మావోడు చెప్పేది ఇంటడు సారూ.”

“నేను ఇంటలేనా మరి?”

“నువ్వూ ఇంటవు. కానీ చేతుల సూది పట్టుకొని ఇంటవు.”

యిర్మియా ఇక ప్రకృతినే న్యాయస్థానానికి ఈడ్చాలనుకున్నాడు. ఆరోగ్యవంతుల నమూనా కావాలనే మిషతో ఆగయ్య నెత్తురు అడిగాడు. ఆగయ్య చొక్కా చెయ్యి మడవలేదు, “వేలికొస చాలదా సార్?” అని వేలు చాపాడు. ఎంత పొగరు, అనుకున్నాడు యిర్మియా. పోటీగా తన నెత్తురును పక్క పట్టీ మీద నడిపించాడు. రెండు పట్టీలూ ఆరాక చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. ఈ అవమానానికి ఆయన బ్యాటరీలను నిందించాడు.

“బ్యాటరీలు సరిగ్గ చార్జు చేస్తున్నవా కొమురెల్లీ?”

“దీపాలన్నీ మంచిగనే వెలుగుతున్నయి సారు. మీ కాగితమే వెలుగుతలేదు.”

అయినా ఇదంతా సహించేవాడే. సహించలేనిది సాయంత్రపు దృశ్యం. తన గది కిటికీకి కొట్టిన దోమతెర వెనుకనుంచి రోజూ చూసేవాడు: ఆగయ్య దారి దాటి లాంపురూముకు పోతాడు, రెండు చేతులూ చాపుతాడు, కొమురెల్లి అతడి మీదికి వంగి వీపూ నడుమూ చుట్టుకుంటాడు. తర్వాత మేకు మీదినుంచి ఒక ఇత్తడి బిల్ల తీసి భక్తితో అరచేతిలో పెడతాడు. చుట్టూ ఉన్న కార్మికులు సరదాగా చూస్తుంటారు.

“అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునుడు దసరానాడు గదా,” అన్నాడు యిర్మియా ఇంట్లో అన్నం కలుపుతూ. “రోజూ ఏందది?”

“మీరు గూడ పోయి చేతులు చాపుండ్రి. ఎవలు వద్దన్నరు?” అన్నది భార్య రాహేలు.

“నేను సీనియర్‌ను.”

“అయితే సీనియర్ లెక్కనే కూసొని తినుండ్రి. పప్పు చల్లారుతున్నది.”

మర్నాడు సీనియర్ తన గౌరవాన్ని దారికి ఇవతలే వదిలి లాంపురూముకు వెళ్లాడు.

“కొమురెల్లీ, ఇన్నేండ్ల సంది ఉన్న, నాకెందుకు లేదు బిల్ల?”

“మీరు దిగరు గద సారు.”

“ఆగయ్య దిగుతడా?”

కొమురెల్లి కొంచెం ఆలోచించాడు. “దిగుతనన్నడు. ఏడికో నేనడుగలే.”

అంతటితో యిర్మియా నిశ్చయానికి వచ్చాడు. ఇత్తడి బిల్లలతోనూ కౌగిలింతలతోనూ ఆ కుర్రవాడు గని మొత్తాన్నీ కైవసం చేసుకుంటున్నాడు. మహారాజులు శత్రువును కోటలో బంధిస్తారు. ఈయన డ్యూటీ వేశాడు. ఇకనుంచి ఆగయ్య సాయంత్రమంతా మందుల గదిలోనే ఉండాలి, మత్తుమందుల బీరువా తాళంచెవి అతడి దగ్గరే ఉండాలి. కాళ్లు నలిగినవారి బాధను చంపే పెథిడిన్ సూదిమందు ఆ బీరువాలోనే ఉంటుంది. తాళం వదిలి దారి దాటడానికి ఇక వీల్లేదు.

ఆగయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది.

“డ్యూటీ ఎంతసేపన్న చేస్త సార్. ఆ తాళం మాత్రం నాకియ్యకుండ్రి.”

“ఎందుకు? స్టోరుకీపరు పని అని నామోషా?”

“నామోషీ అయితే బాగుండు సార్.”

ఆ జవాబులోని వినయాన్ని కూడా యిర్మియా పొగరు ఖాతాలోనే జమ వేసుకున్నాడు. తాళంచెవి అతడి చేతిలో పెడుతూ, కిరీటం లాక్కున్నవాడి సుఖం అనుభవించాడు. ఆ సాయంత్రం కిటికీలోనుంచి చూస్తే లాంపురూము ముందు కౌగిలింత లేదు. పట్టీ మీద చార కనబడినా అంత ఆనందం కలిగేది కాదేమో.

రెండో సాయంత్రం ఆయన ఆ ఆనందంలో తేలుతుండగా, ఆగయ్య గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఎత్తేవాడు లేడు. అంతలో కొమురెల్లి వాకిట్లో నిలబడ్డాడు, మొహం చిటపటలాడుతూ.

“బిల్ల దిగలేదు సారు. నిన్న గట్లనే, ఇయ్యాల గట్లనే. నేను ఇంటికెట్ల పోవాలె?”

“ఎవలది?”

“ఆగయ్య సారుది.”

“ఇంకేం, పొయ్యి అలాయ్ బలాయ్ ఇచ్చుకోండ్రి.”

“అలాయ్ బలాయ్ ఏంది సారు?” కొమురెల్లి తెల్లబోయాడు. “అది సోదా. పొద్దుగాల దవాఖానకు పోయేటప్పుడు బిల్ల నాకిస్తడు. మాపటికి వచ్చి చేతులు లేపుతడు. జేబులు, నడుము, బూట్లు అన్ని చూసి బిల్ల వాపసిస్త. గట్ల చెయ్యమని ఆయననే అడిగిండు.”

“ఏం దొరుకుతదని?”

“చిన్న గాజుసీస అన్నడు. దొరికితే బిల్ల ఇయ్యకు, నలుగురిని పిలువు అన్నడు. ఏం సీసనో నాకేమెరుక. ఒక్కనాడు దొరకలే. ఒకపారి బీడికట్ట దొరికితే గుంజుకున్న.”

యిర్మియా చేతిలోని కాగితపు పట్టీ జారి ద్రావణంలో పడింది. నిండు చేతుల చొక్కా, చాపని మోచెయ్యి, లెక్కకు రాని ఏడాది, సున్నం కొట్టిన ముఖం అన్నీ ఒక్కసారిగా చారలు తేలినట్టు ఆయన కళ్లముందు తేలాయి. ఏళ్లుగా వెతికినది ఇంత స్పష్టంగా ఎన్నడూ కనబడలేదు.

మందుల గదిలో బీరువాకు వీపు ఆనించి ఆగయ్య నేల మీద కూర్చున్నాడు. ఒక పిడికిట్లో తాళంచెవి, మరొక చేతిలో పెథిడిన్ ఉన్న చిన్న గాజుసీసా.

“నిన్న ఒకటి పగలగొట్టి గుచ్చుకున్న సార్,” అన్నాడు తల ఎత్తకుండా. “ఇది ఇంక పగలగొట్టలే.”

యిర్మియా దాన్ని అందుకున్నాడు. తాళంచెవి కూడా అందుకున్నాడు. చెప్పవలసిన మాట క్షమాపణ అని ఆయనకు తెలుసు. నోటికి వచ్చినది మాత్రం పాత మాటే.

“నాకెందుకు చెప్పలే? నేను డాక్టర్‌ను గాదా? పోయి పోయి కొమురెల్లికి చెప్తవా?”

ఆగయ్య నవ్వబోయి నవ్వలేకపోయాడు. “డాక్టర్లను మాయ చేసుడు నాకు వస్తది సార్. పట్నంల అందరిని చేసిన. కొమురెల్లిని చేసుడు రాదు. ఆయన నా మాటలు ఇనడు, జేబులే చూస్తడు.”

ఫోను మళ్లీ మోగింది.

“పోశం,” అన్నాడు ఆగయ్య. బీరువా పట్టుకుని లేవబోయాడు. “ఇంకెవ్వరితోని మాట్లాడడు.”

యిర్మియా వెళ్లి ఫోను ఎత్తాడు. అవతల ఊపిరి మాత్రమే వినబడింది. చాలాసేపటికి ఒక గొంతు, రాళ్లకింది నుంచి వచ్చినట్టు, “ఆగయ్య సారేనా?” అన్నది.

“కాదు. యిర్మియా సారును.”

“ఆగయ్య సారుకేమైంది?”

ఒక్క మాట చాలు. ఆ మాట ఈ తీగ వెంట శ్రీరాంపూర్‌కు పోతుంది, అక్కడినుంచి బెల్లంపల్లికి, పట్నానికి. తెల్లవారేసరికి గనులన్నింటా ఒకే డాక్టరు మిగులుతాడు. ఆ మాట నిజం కూడా. నిజం చెప్పినందుకు ఎవరూ తప్పుపట్టరు. యిర్మియా నాలుక కొస మీద అది పంచదారలా కరిగింది. ఆయన దాన్ని మింగేశాడు.

“లోపల దిగి ఉన్నడు పోశం,” అన్నాడు. “పైకి వస్తుండు. నువ్వు లైన్ మీదనే ఉండు.”

అవతల పోశం లైన్ మీదనే ఉన్నాడు. దిగినవాడు పైకి వచ్చేదాకా ఆగడమంటే ఏమిటో అతడికి ఎవరూ నేర్పనక్కరలేదు. కొమురెల్లి భుజం పట్టి నడిపించగా, ఆగయ్య మెల్లగా వచ్చి కుర్చీలో కూలబడి ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరు ఎవరికి వైద్యం చేశారో చెప్పడం కష్టం.

ఆ తర్వాత ఆగయ్య సెలవు పెట్టి, తనకు ఇదివరకు నయం చేసినవారి దగ్గరికి వెళ్లి, కొంత సన్నబడి తిరిగివచ్చాడు. అతడు లేనన్నాళ్లూ ఫోను దగ్గర యిర్మియా కూర్చున్నాడు, ఒళ్లో చేతులు ఖాళీగా పెట్టుకుని. పోశం వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. అంతకు మించి ఆగయ్య కోసం దాచుకునేవాడని యిర్మియాకు గట్టి అనుమానం. ఆ అనుమానం ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

బీరువా తాళం ఇక యిర్మియాదే. ఆగయ్య తిరిగివచ్చిన రోజునే కొమురెల్లి తన శాసనం ప్రకటించాడు: “తాళం ఎవలి దగ్గరుంటే వాళ్లకు గూడ సోదానే. సీనియర్ గినియర్ నాకు తెల్వదు.”

అలా డాక్టర్ యిర్మియాకు ఇరవయ్యేళ్ల సర్వీసు తర్వాత ఒక ఇత్తడి బిల్ల ప్రాప్తించింది. మొదటి సాయంత్రం దాన్ని అందుకోవడానికి వరుసలో ఆగయ్య వెనుక నిలబడ్డాడు. ఆగయ్య చేతులు చాపాడు. కొమురెల్లి జేబులు తిరగేసి, నడుము తడిమి, బూట్లు విప్పించి, లోపల వేళ్లు పెట్టి చూసి బిల్ల ఇచ్చాడు. తర్వాత యిర్మియా చేతులు చాపాడు. కొమురెల్లి పైపైన రెండు జేబులు తట్టి బిల్ల చేతిలో పెట్టాడు.

“అయిపోయిందా?”

“అయింది సారు.”

“ఆగయ్యకు బూట్లు గూడ విప్పిచ్చినవు. నాకెందుకు విప్పియ్యలే?”

“మీ మీద నాకు అనుమానం లేదు సారు.”

ఈ మాట మరొకడికైతే సన్మానపత్రంలా ఉండేది. డాక్టర్ యిర్మియా మాత్రం బిల్లను తిరిగి బల్ల మీద పెట్టి, ముందు నడిచిపోతున్న ఆగయ్య వైపు ఒకసారి చూసి, కింద కూర్చుని తన బూట్ల ముడులు తానే విప్పుకోసాగాడు.