ఎర్రకొమ్ములదా, నీలికొమ్ములదా

1984లో మా అన్న గురులింగప్ప ఎద్దు కింద పడి చనిపోయాడు. మొగుడంపల్లి దగ్గర మా ఊళ్లో, ఏరువాక పున్నమినాటి ఎద్దుల పరుగులో. అప్పటినుంచి నా లోపల ఏదో మొద్దుబారిపోయింది.

ఎద్దులు రెండూ మావే, రెండూ తెల్లవే. కొమ్ములకు రంగు మేమే పూశాం. ఎర్రకొమ్ములది తిన్నగా పరుగెత్తింది, నీలికొమ్ములది దుమ్ములో దారి తప్పింది. ఏది తొక్కిందో చూసినవాళ్లు లేరు. ఎర్రకొమ్ములదే అయితే అన్నే దానికి అడ్డం వెళ్లాడన్నమాట. ఆ ఏడు బావి ఎండింది, అన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఊరు గుసగుసలాడింది.

జహీరాబాద్ స్టూడియో సిద్దప్ప తీసిన ఫోటోలు రెండున్నాయి. మొదటిదాంట్లో అన్న నిలబడి ఉన్నాడు, ఎద్దులు రెండూ కనబడుతున్నాయి. రెండోదాంట్లో దుమ్ము, కిందపడ్డ అన్న, మీద ఒకే ఎద్దు.

"శరణా, నడుమ ఏమైందో నీ మిషిన్ల జర చూసి చెప్పు. తనంత తనే పోయిండా?" అని అడిగింది అన్న భార్య, బసమ్మ వదిన.

హైదరాబాద్‌లో నా ఉద్యోగం అదే. కెమెరా అప్పుడప్పుడు ఒక బొమ్మ పంపి ఊరుకుంటుంది. రెండు బొమ్మల నడుమ ఏది ఎటు కదిలిందో, వాటిని అందుకున్న చోట కంప్యూటర్ ఊహించాలి. బొమ్మను చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడి రెండో బొమ్మలో ఎక్కడికి చేరిందో వెతకాలి. లెక్క తగ్గాలని చుట్టూ నాలుగు గళ్ల దూరమే వెతకమన్నాను. ఆఫీసులో ఆ పొదుపుకే నాకు మంచి పేరు.

మొదటి ఫోటోలో అన్నకు దగ్గరగా, తిన్నని దారిలో ఉన్నది ఎర్రకొమ్ములది. రెండు ఫోటోలూ ఇస్తే కంప్యూటర్ దాన్నే చూపింది.

"అన్ననే అడ్డం పోయిండు, వదినా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

వదిన ఏడవలేదు. గోడమీది అన్న ఫోటో దించేసింది. ఇద్దరు ఆడపిల్లలను వెంటేసుకుని తనే నాగలి పట్టింది.

రెండేళ్లకు, ఏరువాకనాడు, వదిన అవే ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. మా ఇంట్లో పసిపిల్లలు కూడా పొరబడరు. కాని నలుపు తెలుపు ఫోటోలో రెండూ ఒకటే బూడిద! పెట్టెలోంచి ఫోటో తీసి భూతద్దం పెట్టాను. అన్న మీదున్న ఎద్దుకు చెవి చిరిగి ఉంది. చెవి చిరిగింది నీలికొమ్ములదానికే. దూరం నుంచి అదే అన్న మీదికి వచ్చింది. నేను అంత దూరం వెతకనే లేదు.

అన్న అడ్డం పోలేదని వదినకు చెప్పాను. ఆమె రంగు గిన్నె కింద పెట్టింది.

"రెండేండ్ల సంది ఆయన మీది కోపంతోనే పొద్దుగాల లేస్తున్న, శరణా. ఇడిసిపెట్టి పోయిండని తిట్టుకుంట దున్నిన. ఇగ రేపటి సంది ఏమనుకుంట లేవాలె?"

 ఆమె నేలమీద కూలబడి, అన్నను పేరు పెట్టి పిలుస్తూ ఏడవడం మొదలుపెట్టింది.