గోరింట చెట్టు దగ్గర లేచిన టెంకాయ

ఆదివారం పొద్దున నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు నుంచి బోరు బండి వెనక్కి మళ్లింది చూడండి, ఆ మోటారు చప్పుడంత కమ్మని సంగీతం నేను పుట్టి ఎరగను. ఎందుకని అడుగుతారా? చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

అంతటికీ కారణం నా నోరు. సాయంత్రం అయితే క్లబ్‌హౌస్ అరుగు మీద నేనూ పోచయ్యా చేరతాం. పోచయ్య ఈ ఊరివాడే. ఒకప్పుడు జొన్న వేసుకున్న తన చేను మీద లేచిన ఈ అపార్ట్‌మెంట్లోనే ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటాడు. నేనేమో కదిరి దిక్కు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి పడ్డవాణ్ణి. ఆఫీసుల నుంచి వచ్చిన పిల్లలు కాసేపు మా చుట్టూ నిలబడతారు. వాళ్లు నిలబడితే నా నోరు ఊరుకోదు.

అలా ఒకనాడు మా మేనమామ సంగతి ఎత్తుకున్నాను. ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేలో నడిచేవాడు. అడుగున నీళ్లున్న చోట ఆ టెంకాయ దిగ్గున లేచి నిలబడేది. అక్కడ బోరు వేస్తే నీళ్లు ఎంత ఎత్తుకు ఎగజిమ్మాయంటే, పైన పోతున్న కొంగ తడిసి ముద్దై, రెక్కలు ఆరబెట్టుకోవడానికి మా దండెం మీద దిగింది. (మొదట్లో అది కాకి. చెప్పగా చెప్పగా కొంగ అయింది.) అంతటితో ఆపినా బాగుండేది. "ఆ విద్య నాకూ కాస్త అబ్బింది లే" అన్నాను.

ఇక చూసుకోండి. ఎండలు ముదిరి, ఉన్న బోర్లు రెండూ గాలి కక్కుతున్నాయి. ట్యాంకరు కోసం పొద్దున్నే అందరూ గేటు దిక్కు చూడ్డమే. అసోసియేషన్ ప్రెసిడెంటు కిరణ్ హైటెక్ సిటీలో పెద్ద ఇంజనీరు. కూకట్‌పల్లి నుంచి ఇక్కడికి మారాడు, మర్యాదస్తుడు. "అంకుల్, ఒక్కసారి మీ చేత్తో చూడండి. మీరు ఎక్కడంటే అక్కడే వేయిస్తామండి" అన్నాడు.

నాలుగడుగులు నడిచి 'ఇక్కడ లేవు నాయనా' అని చేతులు దులుపుకుందామనుకున్నాను. అందరూ ఫోన్లు పట్టుకొని వెంట నడిచారు. గోడ వారనున్న గోరింట చెట్టు దగ్గరకు వచ్చేసరికి, నా చేతిలో టెంకాయ లేచి నిలబడింది!

నేను లేపలేదు. దేవుడి తోడు, నేను లేపలేదు.

చప్పట్లు మోగాయి. ఆదివారానికి బోరు బండి మాట్లాడేశారు. నాకు ముద్ద దిగడం మానేసింది. అబద్ధాన్ని మోయడం నాకు అలవాటే, కానీ నిజమై లేచి నిలబడ్డ అబద్ధాన్ని ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. అక్కడ నీళ్లు పడకపోతే? ట్యాంకర్లకని అందరూ వేసుకున్న డబ్బంతా ఆ గుంతలో పోతుంది. అసోసియేషన్ సెక్రటరీ ఎవరనుకున్నారు? మా వాడే. నా మాటకు వాడు తలవంచుకొని మీటింగుల్లో కూర్చోవాలి.

మా ఓబులమ్మ అన్నం వడ్డిస్తూ, "పెళ్లయిన నాటి నుంచి నువ్వు చెప్పింది ఒక్కటీ నిజం కాలేదు కదా, ఈ టెంకాయకేం మాయరోగం వచ్చింది?" అంది.

శుక్రవారం సాయంత్రం సంచీ సర్దుకొని, లింగంపల్లిలో మా దిక్కుకు రైలేమైనా దొరుకుతుందా అని ఫోన్లో వెతుకుతుంటే కోడలు అశ్విని చూసింది.

"ఎవరికి భయపడి పోతున్నారు మామా? అపార్ట్‌మెంటుకా, టెంకాయకా?"

"టెంకాయకే తల్లీ. నేను లేపలేదు, అదే లేచింది."

ఆ పిల్ల నవ్వలేదు. ఆమె ఉద్యోగం ఏమిటో తెలుసా? పక్కవాళ్లు కష్టపడి రాసిన ప్రోగ్రాములను ఎక్కడ విరుగుతాయా అని విరిచి చూడ్డం. మా ఊళ్లో దీన్ని తగవులమారితనం అంటారు. ఇక్కడ టెస్టింగ్ అంటారు, నెలనెలా జీతం కూడా ఇస్తారు.

"మీరు చేసింది డెమో మామా. డెమోలో అన్నీ పనిచేస్తాయి. టెస్టింగ్ ఇంకా కాలేదు. మనం టెంకాయకి 'లేదు' అని చెప్పే వీలు ఇచ్చామా?"

మరునాడు పొద్దున పోచయ్యను కూడా పిలిచింది. పోచయ్యకు ఇది నచ్చలేదు.

"గిదేందమ్మా, పెద్దల విద్యకు పరీచ్చనా? మా నాయిన గిట్లనే చూశిండు, నీళ్లు పడ్డయ్."

"పడనివి కూడా ఉంటాయి కదా పెద్దయ్యా?"

"పడనియి ఎవరు యాది వెట్టుకుంటరు?" అని పోచయ్య తానే ఆగిపోయాడు. బుర్ర గోక్కున్నాడు.

అశ్విని తన చున్నీతో నా కళ్లకు గంతలు కట్టింది. తిప్పి తిప్పి, ఏ దిక్కు ఎటుందో తెలియకుండా నడిపించింది. "మామా, ఇప్పుడు గోరింట చెట్టు దగ్గరున్నాం" అంది. టెంకాయ లేచి నిలబడింది. గంతలు విప్పితే ఎదురుగా పిల్లల జారుడుబండ!

మళ్లీ గంతలు. మళ్లీ తిప్పుడు. "ఇది జారుడుబండ" అంది. టెంకాయ మధ్యాహ్నం భోంచేసినవాడిలా పడుకుంది. విప్పి చూస్తే గోరింట కొమ్మ నా ముక్కుకు జానెడు దూరంలో ఉంది. మాకు విసుగొచ్చేదాకా అదే వరస. ఆ పిల్ల ఎక్కడ 'గోరింట' అంటే అక్కడ లేచింది.

హమ్మయ్య! టెంకాయకు ఏమీ తెలియదు. నా చెవి విన్నది నాకు చెప్పకుండా నా చేతికి చేరుతోంది, అంతే. ఎవడో దొంగను ఇంట్లో పెట్టుకున్నానని వారం రోజులు వణికి, తీరా చూస్తే అది నా చెయ్యే!

మా ఊరి బడిలో అయ్యవారు సైన్సు చెబితే మేము వల్లించేవాళ్లం. నీళ్లు ఎప్పుడు మరుగుతాయో బెత్తం చూసి గడగడా చెప్పినవాణ్ణి, ఒక్కనాడూ గిన్నె పొయ్యి మీద పెట్టి చూసిన పాపాన పోలేదు. ఈ వయసులో కళ్లకు చున్నీ కట్టుకున్నాక సైన్సు కనబడింది.

"మరి మొదటిసారి గోరింట దగ్గరే ఎందుకు లేచిందమ్మా?"

"అక్కడే కదా పచ్చగా ఉంది. నీళ్లుంటాయని మీకు లోపల అనిపించి ఉంటుంది."

పోచయ్య తలెత్తి గోడ చూశాడు. ఏసీల పైపులన్నీ ఆ చెట్టు మీదకే చుక్కచుక్కగా కారుతున్నాయి. "ఓ నారాయణప్పా, నీ గంగమ్మ నాలుగో అంతస్తుల ఉన్నది, సూడు!" అన్నాడు నాతో. కడుపు పట్టుకొని నవ్వాను. ఆ మధ్యాహ్నం రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాను.

ఆదివారం బోరు బండి గేటుకొచ్చింది. నేను సంగతి చెప్పేసరికి కిరణ్ ముఖం మాడిపోయింది. "అదేంటండి అంకుల్, అందరం కళ్లారా చూశాం కదా! వీడియో కూడా ఉందండి!"

అశ్విని టెంకాయ తీసి అతని అరచేతిలో పెట్టింది. గోరింట దగ్గర అతనికీ లేచింది. "చూశారా!" అని మురిసిపోయాడు పిల్లవాడు. గంతలు కట్టి, తిప్పి 'గోరింట' అనగానే వాచ్‌మన్ కుర్చీ ముందు లేచింది. గంతలు విప్పి, కుర్చీని చూసి, టెంకాయను చూసి, "ఓర్నీ!" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత "నాకివ్వండి, నాకివ్వండి" అని ఒకటే తోపులాట. పాపం ఆ టెంకాయకు ఊపిరాడలేదు. బండి డ్రైవరు కిటికీలోంచి, "తొందరగా చెప్పండి సార్, పాయింట్ ఎక్కడ?" అని అరిచాడు. ఒక్కొక్కరు ఒక్కో మూల చూపించారు. డ్రైవరు దణ్ణం పెట్టి బండి మళ్లించాడు.

ఆ డబ్బుతో వాననీటికి ఇంకుడు గుంతలు తవ్విద్దామని, బోరు సంగతి మీటరు పెట్టి భూమిలో నీటిజాడ చూసే మనిషిని అడుగుదామని కిరణ్ తేల్చాడు. నేనెందుకు ఊరుకుంటాను? "ఆయన చెప్పిందీ తప్పయితేనో?" అన్నాను.

"కావచ్చు మామా" అంది అశ్విని. "కానీ ఎన్నిసార్లు తప్పిందో అడిగితే ఆయన చెప్పగలడు. మీ మేనమామని ఎవరైనా అడిగారా?"

నా దగ్గర కొంగ ఉంది కానీ, అది సాక్ష్యానికి రాదు.

సంచీలో బట్టలు మళ్లీ బీరువాలోకి చేరాయి. ఆ టెంకాయను ఓబులమ్మ పచ్చడి చేస్తానంటే, అరుగు దగ్గరే రాతికేసి కొట్టాను. చెయ్యంతా తడిసింది. పోచయ్య కింద గ్లాసు పెట్టి ఒడుపుగా పట్టుకున్నాడు.

"ఇగ ఫికర్ జెయ్యకు నారాయణప్పా" అన్నాడు, గ్లాసు ఎత్తి చూపిస్తూ. "నీళ్లు పడ్డయ్!"